గల్లీ నడుమ పడుగు

సోలాపూర్, అశోక్ చౌక్ ఎనక గల్లి
4 జూన్ 1989

భివండి టెంపో సర్కార్ లక్ష్మణ్‌కు సిద్ధరాములు తాత దీవెనలు.

ముందుగాల నా బాధ రాస్త, తర్వాత లోకం సంగతి. మనింట్ల శేంగా చట్నీల ఎల్లిపాయ లేదు. పల్లీలు, కారం, ఉప్పు, అంతే. జొన్న భాకరి మీద ఎర్రమన్ను అద్దుకొని తిన్నట్టున్నది. మీ అమ్మను అడిగితె, ఎల్లిపాయ తెమ్మంటె నువ్వే అల్లం తెచ్చినవు గద మామా అంటది. తెచ్చిన. బజార్ల రెండూ పక్కపక్కన పెట్టినోళ్లది తప్పు, నాది గాదు.

బజారుకు నువ్వెందుకు పోయినవు అని అడుగుతవు. మీ అమ్మ పోతలేదు గనక పోయిన. మీ అమ్మ చంద్రభాగ ఒక ఆటోతోని కుస్తీ పట్టింది. ఆటో గెలిచింది. కాని మీ అమ్మ గూడ తక్వ తినలే, దాని అద్దం వంగింది.

అశోక్ చౌక్ రోడ్డు తవ్వి పెట్టిండ్రు. అందుకని ఆటోలు, టెంపోలు, లూనాలు అన్నీ మన గల్లీలకెళ్లే పోతున్నయి. మన గల్లి నీకెరికే. రెండు బర్రెలు ఎదురుపడితె ఒకటి ఎవరింట్లనన్న జొరబడాలె. ఆ గల్లీల మీ అమ్మ బీడీల తట్ట సంకల పెట్టుకొని చివరన ఉన్న కార్ఖానకు పోతుంటె ఎనకకెళ్లి తగిలింది. బీడీలు మోరీల పడ్డయి. మోకాలు గుమ్మడికాయ అయింది. ఇప్పుడు వాపు తగ్గింది, నడుస్తది. కాని ఇంట్లనే నడుస్తది. గుమ్మం దగ్గర కూసోని బీడీలు చుడ్తది. హారన్ వినపడితె చేతిల ఆకు కింద పెట్టి చౌకట్టు పట్టుకుంటది. చుట్టిన బీడీలు పక్కింటి సీతాబాయి తీస్కపోయి ఇచ్చొస్తున్నది.

నేను మాత్రం సైకిల్ మీద గల్లీ నడిమిట్ల రాజా లెక్క పోత. ఎనక ఎంత మొత్తుకున్నా జరగ. ఈ ముసలోడు చస్తడా జరుగుతడా అని తిడ్తరు. రెండూ చెయ్య.

నీ తాత,
సిద్ధరాములు


భివండి, పద్మానగర్
16 జూన్ 1989

తాతకు లక్ష్మణ్ నమస్కారాలు.

ఉత్తరం అందింది. నువ్వు రాసేదాంట్లో ఏది నిజమో ఏది వేళాకోళమో తెలుసుకోవడం నా వల్ల కాదు. పోయిన వానాకాలం ఇంటి కప్పు లేచిపోయిందని రాశావు. సేట్ కాళ్ళావేళ్ళా పడి సెలవు తీసుకుని వస్తే ఒక్క రేకు పక్కకు జరిగి ఉంది. అందుకే ఈసారి అమ్మ కుస్తీ పట్టిందంటే నేను కంగారు పడలేదు. కాస్త తగిలి ఉంటుంది. నాలుగు రోజులు భయం ఉంటుంది, పోతుంది.

కోపం తెచ్చుకోకుండా విను. నేను రోజంతా బండి మీద ఉండేవాణ్ణి. నడిచేవాళ్ళు ఎట్లా నడుస్తారో నాకు తెలుసు. తల మీద గంపతో, పక్కావిడతో మాట్లాడుతూ, వెనక ఏమొస్తోందో చూడకుండా సందులోంచి రోడ్డు మీదికి దిగుతారు. బ్రేకు అంటే మంత్రం అనుకుంటారు. అమ్మను గల్లీలో అంచుకు నడవమను. ఇక నీ సంగతి. ఈ వయసులో సైకిలు మీద గల్లీ నడుమ రాజావా? వెనకవాడు బ్రేకు వేయలేకపోతే నీ రాజ్యం ఏమవుతుంది?

పెంటప్పకు కూడా ఉత్తరం రాశాను. చిన్నప్పటి నుంచి మనింట్లో తిన్నవాడు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. అమ్మను రోజూ తన ఆటోలో కార్ఖానకు తీసుకెళ్ళి తీసుకురమ్మన్నాను. నీ సైకిలు తాళంచెవి కూడా వాడే తీసుకుంటాడు. గొడవ చేయకుండా ఇచ్చెయ్యి.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. అమ్మకు నా దండాలు చెప్పు.

లక్ష్మణ్


సోలాపూర్
27 జూన్ 1989

బ్రేకు మంత్రం తెల్సిన లక్ష్మణ్‌కు ఖైదీ తాత దీవెనలు.

నువ్వు పుస్తకంల లెక్క రాస్తవు, చదువుడు మంచిగుంటది. పనులు మాత్రం పుస్తకంల లెక్క కావు.

పెంటప్ప వచ్చిండు. ఆటో కడిగి, ముందట కొత్త నిమ్మకాయ కట్టుకొని, ఇంటి ముందట ఆపిండు. హారన్ గూడ కొట్టలే, పాపం. మీ అమ్మ ఆటోను చూసింది. ఒళ్ల ఉన్న చాట అట్లనే పట్టుకొని ఎనక అర్రలకు పోయి గొళ్లెం పెట్టింది. ఎంత పిలిచినా తియ్యలే. ఎందుకంటె ఆ ఆటోనే ఆమెను తగిలింది, ఆగకుంట పోయింది. ఆ అద్దం ఇంక వంకరనే ఉన్నది.

నీకు పేరు రాయలే. రాస్తె నువ్వు టెంపో ఏసుకొని వచ్చి వాని బొక్కలిరుగ్గొడ్తవని రాయలే. నువ్వేమో వాన్నే తోలుకపొమ్మని పంపిస్తివి. నీ ఉత్తరం ఉన్నదని వాడు వచ్చిండు, మొఖం ఎత్తలేక తాళంచెవి తీస్కొని పోయిండు. గట్ల నా సైకిల్ జేలుకు పోయింది, దానెనక నేను. ఇప్పుడు ఈ ఇంట్ల ఇద్దరు ఖైదీలం. ఒకరు భయపడి, ఒకరు నీ హుకుంకు.

అంచుకు నడవమన్నవు. ఆ అంచు యాడున్నదో జెర నువ్వే వచ్చి చూపెట్టు. ఈ పక్క మోరీ, ఆ పక్క కరెంటు మగ్గాల సాంచాల మెట్లు. నడుమ ఉన్నదంతా మీ డ్రైవర్లది.

ఇగ నవ్వులాట గాని మాట ఒకటి రాస్త. కార్ఖానల లెక్క రాసే మునీం సీతాబాయికి చెప్పి పంపిండు. బీడీ కార్డు ఎవరి పేరున ఉన్నదో ఆ మనిషే వచ్చి బీడీలు ఇయ్యాలె, జులై నెల దాటితె చంద్రభాగ పేరు కొట్టేస్త అన్నడు. మీ నాయిన పోయినప్పటికెళ్లి ఆ కార్డు మీదనే ఇల్లు నడిచింది. దవాఖాన ఆ కార్డే, ముసలితనానికి వచ్చే ఫండ్ ఆ కార్డే. గల్లీ ఈ కొసకు మీ అమ్మ, ఆ కొసకు కార్డు. నడుమల మీరు.

నీ తాత,
తాళం పడ్డ సిద్ధరాములు


భివండి
8 జులై 1989

తాతకు,

పెంటప్ప చేశాడా ఆ పని? చేసి, నా ఉత్తరం అందుకుని, ఆటో కడుక్కుని వచ్చాడా? వాడికి చెప్పు, నేను వచ్చేటప్పటికి ఊళ్ళో ఉండొద్దని. మనిషిని కొట్టి పడేసి దిగి చూడనివాడు మనిషి కాడు.

అమ్మ ఆ కార్డును వదిలేయాలి. ఇక్కడికి వచ్చేయమను. పద్మానగర్‌లో అందరూ మనవాళ్ళే. గది చూస్తాను. కావాలంటే ఇక్కడా బీడీలు చుట్టొచ్చు, లేకపోతే దారం కండెలు పట్టొచ్చు. ఆ గల్లీలో ఇంకెన్నాళ్ళు తలుపు వేసుకుని కూర్చుంటుంది?

10 జులై

ఈ ఉత్తరం పోస్టు చేయకుండా జేబులో ఉండిపోయింది. మిగతాది ఈ రోజు రాస్తున్నాను.

నిన్న కార్ఖానాల సందులో టెంపో తిప్పుతున్నాను. గోడకూ బండికీ మధ్య ఒకావిడ కండెల బుట్టతో నిలబడిపోయింది. నేను చూశాను. పోతుందిలే అనుకున్నాను. నా అద్దం బుట్టకు తగిలి కండెలన్నీ బురదలో పడ్డాయి. ఆవిడకు దెబ్బ తగలలేదు. అట్లా అని నాకు నేను చెప్పుకుంటున్నాను, ఎందుకంటే దిగి చూడలేదు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి, సేట్ సరుకు కోసం ఎదురుచూస్తున్నాడు. అద్దంలో చూస్తే ఆవిడ గోడకు చెయ్యి ఆనించి, వంగి, ఒక్కొక్క కండె ఏరుకుంటోంది. తలెత్తి నా బండి వెళ్ళేదాకా చూసింది.

పైన పెంటప్ప గురించి రాసింది కొట్టివేద్దామనుకున్నాను. ఉండనీ.

లక్ష్మణ్


సోలాపూర్
18 జులై 1989

లక్ష్మణ్‌కు తాత దీవెనలు.

మీ అమ్మకు చదువు రాదని నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తనని నీకు తెల్సు. ఎప్పుడు గానీ నడుమల రెండు మాటలు నాయి కలుపుత. నీ కొడుకు అక్కడ ఒక గుడ్డి పిల్లను చూసిండట అని ఒకసారి చదివితె నాకు అన్నం పెట్టలే. ఈసారి ఏమీ కలపలే. ఉన్నది ఉన్నట్టు చదివిన, పై సగం, కింది సగం.

మీ అమ్మ బీడీ చుట్టుడు ఆపలే. కట్టకు దారం చుడుతనే అన్నది.

"భివండిల రోడ్లు లెవ్వా మామా? అక్కడ బండి తోలేటోడు నా కొడుకేనాయె."

గంతే. కార్డు పోతె పోనీ అన్నట్టు ఉన్నది. కార్డు పోయే దినం దగ్గర పడుతుంటె ఇంక జోరుగ చుడుతున్నది. ఎవరికిస్తదో తెల్వదు. చుట్టిన కట్టలు పీట కింద పేరుకున్నయి.

ఇంకో మాట. మీ అమ్మను రమ్మని రాసినవు, గది చూస్తనన్నవు. నాకు పిలుపు లేదు. మంచిదే. తాళమేసిన సైకిలు, నేను, ఇద్దరం గోడకు ఆనుకొని ఉంటం. తుప్పు ఎవరికి ముందు పడ్తదో చూద్దం.

పెంటప్ప పొద్దుగాల వచ్చి గుమ్మం బయట కూసుంటడు. లోపలికి రాడు. వాన్ని అడిగిన, ఆ దినం ఏమైందిరా అని. ఎదురుంగ టెంపో వచ్చింది తాతా, ఎనక ఇంకో ఆటో, లోపల నిండు మనిషి నొప్పులతోని మూలుగుతున్నది, దవాఖానకు తోలుకపోతున్న, యాడికి తిప్పాలె అన్నడు.

మన వార్డు నగర్‌సేవక్ దగ్గరికి పోయిన. చాయ్ పోసిండు. మీ గల్లీల గతిరోధక్, అంటె స్పీడు బ్రేకరు, ఏస్తం ఆజోబా, బండ్లు వాటంతట అవే మెల్లగైతయి అన్నడు. ఎప్పుడు అంటె రోడ్డు పని అయినంక అన్నడు. రోడ్డు పని అయినంక బండ్లు మా గల్లీలకెళ్లి రానే రావు గద సాహెబ్ అన్న. మీ ఇంటి ముందట రెండు గతిరోధకాలున్నయి, ఒకటి పెకిలించి మాకియ్యిండ్రి అన్న. నవ్విండు. ఇంకో చాయ్ పోసిండు. ఇయ్యలే.

నీ తాత,
పిలుపు లేని సిద్ధరాములు


భివండి
30 జులై 1989

తాతకు లక్ష్మణ్ నమస్కారాలు.

నిన్ను విడిగా పిలవాలా? అమ్మ వస్తే నువ్వు రాకుండా ఉంటావా? చెప్పుల్ని ఎవరూ వేరువేరుగా పిలవరు తాతా, ఒకటి వస్తే రెండోది వస్తుంది. అలిగే ముందు అడుగు.

కాని ఇప్పుడు నేను రాయబోయేది వేరే. పెంటప్ప దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దాన్ని చదివి నమ్మలేకపోయాను. నువ్వు అటక మీది పడుగు కర్రలు దింపి, గల్లీ నడుమ పొడుగునా పసుపు రంగు దారాల పడుగు చాపావట. మార్కండేయ స్వామి రథం నాడు స్వామికి కప్పే బట్ట ఈ ఏడు నేను చేత్తో నేస్తాను, మొక్కుకున్నాను అని చెప్పావట. అందరూ దండం పెట్టుకుంటున్నారట. బండ్లన్నీ పడుగుకు ఆ పక్కనుంచి, ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయట, కార్లు తోలే పెద్దమనుషులు కూడా నత్తల్లా పోతున్నారట. నడిచేవాళ్ళకు ఈ పక్క. సైకిలు వాళ్ళు దిగి, ఈ పక్కనే నడిపించుకుని పోవాలట. ఒక కుర్రాడు దాటబోతే వాడి అమ్మే చెంప వాయించిందట.

నాకు చిన్నప్పటి గల్లీ గుర్తొచ్చింది. నాయన, నువ్వు గంజి కుంచెలు పట్టుకుని చెరో పక్క నడిచేవాళ్ళు. పడుగు చాపి ఉంటే పెళ్ళి బారాత్ కూడా బాజా ఆపి చుట్టూ తిరిగి పోయేది. సాంచాలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పటి పిల్లలకు పడుగు ఎట్లా ఉంటుందో తెలీదు, కాని దాన్ని దాటకూడదని మాత్రం తెలుసు.

నేను నిన్ను వేళాకోళాల మనిషి అనుకున్నాను. మొక్కు మాట నాక్కూడా చెప్పకుండా దాచుకున్నావు. ఇక్కడ నలుగురికి చెప్పాను. పద్మానగర్‌లో అందరికీ తెలిసిపోయింది. రథం చూడ్డానికి, నువ్వు నేసిన బట్టకు దండం పెట్టుకోవడానికి ఒక బండి నిండా మనవాళ్ళు వస్తామంటున్నారు.

ఒక్క జాగ్రత్త. దారం మోకాలి ఎత్తులో ఉంటుంది. బయటి సైకిలువాడు చూసుకోకపోతే బోర్లా పడతాడు. రెండు కొసల్లో ఎర్రగుడ్డ కట్టు.

అమ్మ కార్డు సంగతి నువ్వూ రాయలేదు, పెంటప్పా రాయలేదు. గడువు రేపటితో అయిపోతుంది. రాయి.

లక్ష్మణ్


సోలాపూర్
9 ఆగస్టు 1989

లక్ష్మణ్‌కు తాత దీవెనలు.

ఎర్రగుడ్డ కట్టిన. నువ్వు చెప్పకముందే కట్టిన, ఎందుకంటె బోర్ల పడ్డ మొదటోడు మన సీతాబాయి మొగడే. తెలివి డ్రైవర్లకే ఉంటదనుకోకు.

మీ అమ్మ సంగతి రాస్త. పడుగు చాపిన మొదటి దినం గుమ్మంల నిలబడి చూసింది. రెండో దినం మెట్టు దిగింది. దిగి పడుగు దగ్గరికి పోయి ఒక చెయ్యి దాని మీద పెట్టింది, దూడ ఈపు మీద పెట్టినట్టు. అట్లనే చెయ్యి తియ్యకుండ నాలుగిండ్ల దూరం పోయింది. ఆ పక్కకెళ్లి ఒక టెంపో వచ్చింది. ఆగింది, మీ అమ్మ. కండ్లు మూసుకున్నది. టెంపో పోయింది. కండ్లు తెరిచి ఎనకకు తిరిగి ఇంట్లకు వచ్చింది. ఆ దినం నా నోరు గూడ మూసుకొనే ఉన్నది, నమ్ము.

జులై ఆఖరు దినం పీట కింది కట్టలన్నీ తట్టల పెట్టుకొని పోయింది. చెయ్యి పడుగు మీద, తట్ట సంకల, పక్కన సీతాబాయి. కార్ఖాన దాకా పోయింది. మునీం కార్డు మీద ముద్ర కొట్టిండు, బీడీలు మెత్తగైనయని సగం తీసి పారేసిండు. తిట్టుకుంటనే వచ్చింది. ఆమె తిట్టంగ విని ఎన్నాళ్లయిందో. కార్డు ఉన్నది. కాని రోజు పోతెనే ఉంటది. పడుగు ఉంటెనే పోతది. అందుకే పొద్దుగాల కార్ఖాన యాళ్లకు చాపుత, అందరొచ్చినంక చుడుత. నా నడుము పొయ్యిల కట్టె లెక్క పటపటమంటది. ఒక్క దినం ఆపుదమంటె లేదు. నీ తాళానికన్న ఇది గట్టి జేలు.

మొన్నటి మాట. ఊరికి కొత్త టెంపో, నీ జాతోడే, పడుగంటె ఏందో తెల్వనోడు, ఎదురుంగ బండి వచ్చిందని ఈ పక్కకు తిప్పిండు. చక్రం కింద పడి నడుమల పోగులు తెగినయి. కర్రలు ఒరిగినయి. ఆడోళ్లందరు గోడకు అతుక్కున్నరు. ఎనక ఆటోలు, లూనాలు, హారన్లు. నేను ఆ కొసకు ఉన్న, ఉరుకరాదు.

మీ అమ్మ తట్ట సీతాబాయి చేతికిచ్చింది. ఇచ్చి గల్లీ నడిమిట్ల కింద కూసున్నది. బండ్ల ముందట, లక్ష్మణ్. హారన్ వింటె చౌకట్టు పట్టుకున్న మనిషి చీర కుచ్చిళ్లు సర్దుకొని మట్టిల కూసోని తెగిన కొసలు ఏరి ఒక్కొక్కటి ముడి ఏస్తున్నది. పెంటప్ప ఆటో వరుసల ముందట ఉండె. వాడు దిగి ఆటోను ఆమె ఎనక అడ్డం పెట్టిండు, ఇంజన్ బంద్ చేసిండు. హారన్ కొట్టేటోని దగ్గరికి పోయి ఏం చెప్పిండో, హారన్లు గూడ ఆగినయి. మీ అమ్మ ఆ వంకర అద్దం తన భుజానికి తగిలేంత దగ్గర కూసోని తలెత్తలే.

నేను మెల్లగ చేరుకొని, లే బిడ్డా, నేను ముడేస్త, నీకు మోకాలు నొప్పి అన్న. నా దిక్కు చూడకుండనే అన్నది.

"ఉండు మామా. ఇది తెగినట్టే ఉంటె రేప్పొద్దుగాల నేనెట్ల పోవాలె?"

దేవుని బట్ట ఎట్ల అనలే. నేనెట్ల పోవాలె అన్నది. ఆమె నేతోళ్ల బిడ్డ. పోగు చేతిల పట్టుకుంటె అది ఏ మగ్గం ఎక్కుతదో ఎక్కదో తెల్వదా.

అందుకే ఇగ నీకు గూడ దాచ. భివండోళ్లను బండి కట్టొద్దని చెప్పు. కడుపు నొప్పి వచ్చిందని చెప్పు, ఎవరికన్న. మొక్కు లేదు, మగ్గం లేదు. మగ్గం అమ్మినప్పుడు నువ్వే మోసినవు, మర్చిపోయినవా. ఆ పడుగు కిష్టయ్య సాంచాల కింద ఊడ్చి పారేసిన తుక్కు పోగు. బస్తల ఏసుకొని తెచ్చి, కొసకు కొస కట్టి, పసుపు నీళ్లల్ల ముంచి, అన్నం గంజి పట్టిచ్చి చాపిన. దేవుని పేరు చెప్తె గాని మీరు బండ్లు మెల్లగ తోలరని తెల్సి చెప్పిన. స్వామికి నేను చెప్పుకుంట, ఆయన గూడ నేతోడే, రెండు తిట్లు తిట్టి ఊకుంటడు. ఆ బస్తెడు తుక్కుల మీ అమ్మ ఏసిన ముళ్లు తప్ప గట్టిది ఒక్కటి లేదు.

తెల్లారింది, చాపే యాళ్లయింది, పోత.

నీ తాత,
సిద్ధరాములు